గాలి బ్యాటరీ: కరెంటు ఇవ్వడం సులువే, మళ్లీ ఎక్కించుకోవడమే తంటా

ఉమ్మడి కర్నూలు జిల్లా గని, శకునాల గ్రామాల చుట్టూ 2017లో పూర్తయిన సోలార్ పార్కు సామర్థ్యం 1000 మెగావాట్లు. ఎన్.పి. కుంట, గాలివీడు కూడా కలుపుకుంటే రాయలసీమలో పగటి కరెంటుకు కొదవ లేదు. కష్టమంతా పొద్దు గూకాకే. పిన్నాపురం దగ్గర పగలు నీళ్లు కొండెక్కించి రాత్రి దించే 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టు అందుకే పుట్టింది. కానీ ప్రతి సబ్‌స్టేషన్ పక్కనా ఒక కొండ, రెండు రిజర్వాయర్లు ఉండవు కదా. లిథియం కొనక్కర్లేని, నిప్పంటుకోని, ఊళ్లోనే పెట్టుకోదగ్గ నిల్వ ఏముందని వెతికితే ముందు వరసలో కనపడేది జింక్-ఎయిర్ బ్యాటరీ.

దాని నిర్మాణం చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. ఒక పక్క జింకు రేకు, ఇంకో పక్క గాలి తగిలే గుల్ల కార్బన్ పొర, మధ్యలో పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం. జింకు ఎలక్ట్రాన్లు వదిలి ఆక్సైడ్‌గా మారుతుంది. గాలిలోని ఆక్సిజన్ వాటిని తీసుకుని, నీటితో కలిసి హైడ్రాక్సైడ్ అయాన్ అవుతుంది. రెండో సరుకు బయటి గాలే కనుక దాన్ని డబ్బాలో మోయక్కర్లేదు. గ్రాము జింకు 820 మిల్లీ ఆంపియర్-అవర్లు ఇస్తుంది, 1.2 వోల్టుల దగ్గర లెక్కేస్తే కిలో జింకుకు దాదాపు ఒక యూనిట్ కరెంటు. చెవి మిషన్‌లో వేసే బొత్తాం బ్యాటరీ ఇదే. స్టిక్కర్ పీకగానే గాలి లోపలికి వెళ్లి పని మొదలుపెడుతుంది, అయిపోతే పారేస్తాం.

పారేయకుండా మళ్లీ ఛార్జ్ చేయాలనుకున్నప్పుడే నానో ఉత్ప్రేరకాల, అంటే తాము ఖర్చుకాకుండా చర్యను వేగం చేసే అతి సన్నని పొడుల గొడవంతా మొదలవుతుంది.

జింకు బదులు వాడదగ్గ మిగతా లోహాల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. అల్యూమినియం-ఎయిర్‌కు శక్తి ఎక్కువే కానీ నీటి ద్రావణంలో అల్యూమినియాన్ని తిరిగి పూత పట్టించలేం, ప్లేట్లు మార్చుకోవాల్సిందే. ఇండియన్ ఆయిల్, ఇజ్రాయెల్ కంపెనీ ఫినర్జీ కలిసి తీసుకున్న దారి అది. ఐరన్-ఎయిర్ బరువెక్కువ, వేగం తక్కువ, ధర మాత్రం చవక. లిథియం-ఎయిర్ కాగితం మీద కిలోకి 3500 వాట్-అవర్ల దాకా చూపిస్తుంది గానీ గాలిలో కాస్త తేమ ఉన్నా చెడిపోతుంది. అందుకే ఇక్కడ మాట్లాడేది జింకు గురించే.

రెండు వోల్టులు పెట్టి 1.2 తీసుకోవడం

జింకు, ఆక్సిజన్ జంట సిద్ధాంతం ప్రకారం 1.65 వోల్టులు ఇవ్వాలి. వాడేటప్పుడు చేతికందేది 1.2 చుట్టుపక్కల. తిరిగి ఛార్జ్ చేయాలంటే 2.0 దాకా పెట్టాలి. అంటే పది యూనిట్లు పోస్తే ఆరు తిరిగొస్తాయి. పంప్డ్ స్టోరేజిలో ఏడున్నర నుంచి ఎనిమిది వస్తాయి. ఈ నష్టంలో జింకు వాటా కొంచెమే, పెద్ద వాటా గాలి వైపుది.

కారణం ఆక్సిజన్ అణువులోనే ఉంది. అందులో రెండు పరమాణువుల మధ్య జంట బంధం గట్టిది. దాన్ని తెంచి హైడ్రాక్సైడ్ చేయడానికి నాలుగు ఎలక్ట్రాన్లు కావాలి, అవి ఒక్కొక్కటిగానే వస్తాయి. దారిలో ఆక్సిజన్ ఉత్ప్రేరకం ఉపరితలానికి అతుక్కుని మూడు రూపాలు మారుతుంది: ఓఓహెచ్, ఓ, ఓహెచ్ (ఓ అంటే ఆక్సిజన్, హెచ్ అంటే హైడ్రోజన్). పట్టు మరీ గట్టిగా ఉంటే చివరి ఓహెచ్ వదిలి వెళ్లదు, కొత్త ఆక్సిజన్‌కు చోటు దొరకదు. పట్టు మరీ సడలితే మొదటి ఓఓహెచ్ ఏర్పడనే ఏర్పడదు. నష్టం లేకుండా నడవాలంటే ఓఓహెచ్, ఓహెచ్‌ల పట్టు మధ్య తేడా 2.46 ఎలక్ట్రాన్ వోల్టులు (అణువుల స్థాయిలో శక్తి కొలత) ఉండాలి. ఆ రెండూ ఉపరితలాన్ని పట్టుకునేది ఒక్క ఆక్సిజన్ పరమాణువుతోనే కాబట్టి ఒకదాని పట్టు మారిస్తే రెండోదీ వెంటే మారుతుంది. లోహాల మీదైనా ఆక్సైడ్ల మీదైనా ఆ తేడా 3.2 దగ్గరే ఆగిపోతోంది. ఎక్కువైన 0.74ను సగం చేస్తే 0.37 వోల్టు. ఒకే రకం క్రియాస్థానం (ఉపరితలం మీద చర్య జరిగే చోటు) మీద ఆధారపడినంత కాలం డిశ్చార్జిలో ఒకసారి, ఛార్జిలో ఒకసారి సుమారు ఇంత సుంకం కట్టాల్సిందే.

దీనికి తోడు ఆక్సిజన్‌కు ఒక అడ్డదారి ఉంది. నాలుగు ఎలక్ట్రాన్లకు బదులు రెండే తీసుకుని పెరాక్సైడ్‌గా ఆగిపోతుంది. కరెంటు సగం పోతుంది, పైగా ఆ పెరాక్సైడ్ కార్బన్‌నూ, పొడిని అతికించి ఉంచే బైండర్‌నూ కొరికేస్తుంది. మంచి ఉత్ప్రేరకం అంటే వేగంగా పనిచేసేది మాత్రమే అనుకోకూడదు, ఆక్సిజన్‌ను ఈ అడ్డదారి పట్టనివ్వకూడదు కూడా.

ఒక గ్రాము ప్లాటినాన్ని ఘనంగా పోతపోస్తే దాని ఉపరితలం ఒక చదరపు సెంటీమీటరు కూడా ఉండదు. అదే గ్రామును 3 నానోమీటర్ల కణాలుగా చేస్తే 90 చదరపు మీటర్లు దాటుతుంది. నానో అనడానికి మొదటి కారణం ఇదే. రెండో కారణం కణాల అంచులు, మూలలు. అక్కడి పరమాణువులకు పొరుగు తక్కువ కనుక ఆక్సిజన్‌ను పట్టుకునే తీరు మారుతుంది. కానీ చిన్న కణం నిలకడలేనిది. పక్కదానితో కలిసి పెద్దదవ్వాలనే చూస్తుంది, లేదా కరిగి ఇంకోచోట పేరుకుంటుంది. ఛార్జి-డిశ్చార్జి మారినప్పుడల్లా ఈ తంతు ముందుకు పోతూనే ఉంటుంది.

ఏ పనికి ఏ పదార్థం

కొలబద్దగా అందరూ వాడేది 20 శాతం ప్లాటినం ఉన్న కార్బన్, రుథేనియం ఆక్సైడ్‌ల మిశ్రమం. మొదటిది డిశ్చార్జికి, రెండోది ఛార్జికి. ఖరీదు సరే, అసలు చిక్కు వేరే ఉంది. ఛార్జి వోల్టేజి దగ్గర ప్లాటినం మీద ఆక్సైడ్ పొర కడుతుంది, కింది కార్బన్ ఆక్సీకరణం చెంది కార్బొనేట్‌గా పోతుంది, దాన్ని పట్టుకున్న కణాలు రాలిపోతాయి. కాబట్టి ‘ప్లాటినం కంటే ఎక్కువ సైకిళ్లు తట్టుకుంది’ అని రాస్తే పొంగిపోనక్కర్లేదు. ఈ పనిలో ప్లాటినం మిశ్రమాన్ని ఓడించడం పెద్ద విశేషమేం కాదు.

చవక లోహాల్లో డిశ్చార్జికి పాతకాపు మాంగనీస్ డయాక్సైడ్. పొటాషియం పర్మాంగనేట్, మాంగనీస్ సల్ఫేట్ ద్రావణాలను ఆటోక్లేవ్‌లో (మూత బిగించి ఒత్తిడిలో ఉడికించే పాత్ర) 140 డిగ్రీల దగ్గర 12 గంటలు ఉంచితే నానో తీగలుగా వస్తుంది. ఛార్జి వైపు నికెల్-ఐరన్ జంట హైడ్రాక్సైడ్‌కు క్షార ద్రావణంలో సాటి వచ్చేవి తక్కువ. నికెల్ మూడు పాళ్లు, ఇనుము ఒక పాలు, యూరియా కలిపి 120 డిగ్రీల దగ్గర స్పాంజిలా గుల్లగా ఉండే నికెల్ ఫోమ్ మీదే పెంచవచ్చు. ఫోమ్‌ను ముందుగా 3 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో పది నిమిషాలు కడగకపోతే పూత పెచ్చులుగా ఊడుతుంది. కోబాల్ట్ ఆక్సైడ్ రెండు పనులూ ఓ మోస్తరుగా చేస్తుంది, ఏదీ అద్భుతంగా చేయదు.

గత పదేళ్లలో ఎక్కువ పరిశోధన జరిగింది ఇనుము-నత్రజని-కార్బన్ పదార్థాల మీద. ఒక్కో ఇనుము పరమాణువును నాలుగు నత్రజనులు పట్టుకుని కార్బన్ పలకలో బిగించి ఉంచుతాయి. మన రక్తంలోని హీమ్‌లోనూ ఇనుము చుట్టూ నాలుగు నత్రజనులే. 1964లో జసిన్‌స్కీ అనే శాస్త్రవేత్త కోబాల్ట్ థాలోసయనైన్ అనే నీలం రంగు పదార్థం క్షారంలో ఆక్సిజన్‌ను తగ్గించగలదని చూపించినప్పటి నుంచీ ఈ దారి ఉంది. ఒక్కొక్క పరమాణువును విడిగా నిలబెట్టడం మాత్రం లోహ-సేంద్రియ చట్రాలు (లోహ అయాన్లను సేంద్రియ అణువులతో కట్టిన, లోపల గదులుండే పదార్థాలు) చేతికొచ్చాకే సాధ్యపడింది. 2025 రసాయన నోబెల్ ఈ చట్రాలకే దక్కింది.

జిఫ్-8 అనే చట్రంతో ఇది ఎలా చేస్తారో దగ్గరగా చూద్దాం. జిఫ్-8 లోపలి గది వెడల్పు 1.16 నానోమీటర్లు, కిటికీ 0.34. ఐరన్ ఎసిటైల్ ఎసిటోనేట్ అణువు సుమారు 0.97. కట్టిన గదిలోకి అది దూరలేదు. గది కట్టేటప్పుడే లోపల ఉంటే బయటికి రాలేదు. గదికొకటి చొప్పున ఇనుము చిక్కుకుని, వేడి చేసినప్పుడు ఒకదానితో ఒకటి కలవకుండా ఉండేది అందుకే.

జింక్ నైట్రేట్ హెక్సాహైడ్రేట్ 1.49 గ్రాములు, ఐరన్ ఎసిటైల్ ఎసిటోనేట్ 90 మిల్లీగ్రాములు 100 మి.లీ. మిథనాల్‌లో, 2-మిథైల్ ఇమిడజోల్ 3.28 గ్రాములు ఇంకో 100 మి.లీ. మిథనాల్‌లో కరిగించి కలపాలి. గది ఉష్ణోగ్రతలోనే ఒక రాత్రి తిప్పుతూ ఉంచి, సెంట్రిఫ్యూజ్ చేసి, కడిగిన మిథనాల్‌కు రంగు దిగనంత వరకూ కడగాలి. గదుల్లో చిక్కని ఇనుము పోయేది ఈ కడుగులోనే. 70 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, అల్యూమినా పడవలో (పడవ ఆకారపు పింగాణీ పాత్ర) పోసి ట్యూబ్ ఫర్నేస్ అనే గొట్టపు కొలిమిలో ఆర్గాన్ వదులుతూ నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 900 దాకా తీసుకెళ్లి రెండు మూడు గంటలు ఉంచాలి. జింకు మరిగేది 907 డిగ్రీల దగ్గర కాబట్టి 900లోనే చాలా వరకు ఆవిరై పోతుంది, అది వదిలిన ఖాళీలే రంధ్రాలవుతాయి.

చెడేది ఎక్కడ? ఆర్గాన్‌ను ముందు అరగంటైనా పారించకపోతే మిగిలిన గాలికి కార్బన్ కాలిపోయి పడవలో బూడిద మిగులుతుంది. వేడి తగ్గకముందే ట్యూబ్ తెరిచినా అంతే. ఆవిరైన జింకు ట్యూబ్ చల్లని చివర బూడిదరంగు పొరగా పేరుకుంటుంది. నాలుగైదు సార్లు వాడాక శుభ్రం చేయకపోతే వాయువు బయటికి పోయే దారి మూసుకుంటుంది. ఇమిడజోల్ విరిగినప్పుడు విషవాయువులు వస్తాయి, ఆ దారిని తప్పనిసరిగా ఫ్యూమ్ హుడ్‌లోకి పెట్టాలి. ఇక ఆశపడి ఇనుము పెంచితే అది ముద్దకట్టి కణాలవుతుంది. స్ఫటికాల అమరిక చూపే ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో ఇనుము, ఐరన్ కార్బైడ్ శిఖరాలు కనిపిస్తే పరమాణువులు విడివిడిగా లేవని అర్థం. పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో 80 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి ఆ ముద్దలను కొంతవరకు తీసేయవచ్చు.

అనంతపురం చుట్టుపక్కల ఈ కథకు ఇంకో మలుపుంది. శెనక్కాయ పొట్టు ఇక్కడ కొండలుగా దొరుకుతుంది. దాన్ని 500 డిగ్రీల దగ్గర బొగ్గు చేసి, పొటాషియం హైడ్రాక్సైడ్‌తో రంధ్రాలు తెరిపించి, యూరియా లాంటి దానితో నత్రజని ఎక్కించి ఉత్ప్రేరకం చేయాలనే ఆలోచన సహజంగానే వస్తుంది. పనికొస్తుంది కూడా. కానీ పొట్టును అంటుకున్న ఎర్రమట్టిలో ఇనుము ఆక్సైడ్ దండిగా ఉంటుంది. కడగకుండా 900 డిగ్రీల్లో పెడితే ఆ ఇనుమే నత్రజనితో జతకట్టి పనిచేస్తుంది, మనం ‘లోహం లేని ఉత్ప్రేరకం’ అని పేరు పెట్టుకుంటాం. ఇలాంటి చోట పదార్థంలో కొన్ని పిపిఎంల (పది లక్షల పాళ్లలో కొన్ని పాళ్ల) ఇనుమున్నా ఫలితం మారుతుంది. ఆమ్లంతో కడిగాక ఐసీపీలో (లోహాల ఆనవాళ్లు కొలిచే యంత్రం) ఇనుము కొలవని ‘లోహరహిత’ మాటను నమ్మకూడదు. బస్తాకో రకంగా వచ్చే బూడిద శాతం ఇంకో తలనొప్పి. రంధ్రాలున్న ఆధారంగా పొట్టు బొగ్గును వాడటం, క్రియాస్థానాలను విడిగా ఎక్కించడం నయం.

పొడి నుంచి ఎలక్ట్రోడ్ దాకా

ఎంత గొప్ప పొడి అయినా పూతలో పాడవచ్చు. పది మిల్లీగ్రాముల ఉత్ప్రేరకం, 900 మైక్రోలీటర్ల ఐసోప్రొపనాల్, 100 మైక్రోలీటర్ల 5 శాతం నాఫియాన్ (పొడిని అతికించే పాలిమర్) కలిపి నీటి తొట్టిలో అరగంట సోనికేట్ చేస్తే, అంటే శబ్ద తరంగాలతో కుదిపితే సిరా తయారు. ఆ తొట్టిలో ఐస్ వేయకపోతే నీళ్లు వేడెక్కి ద్రావకం ఎగిరిపోతుంది. గాలిని లోపలికి పాకనిచ్చే గ్యాస్ డిఫ్యూజన్ పొర ఉన్న కార్బన్ పేపర్ మీద చదరపు సెంటీమీటరుకు ఒక మిల్లీగ్రాము ఉత్ప్రేరకం పడేలా పలుచగా పలుమార్లు పూయాలి. పూత ద్రావణం వైపే ఉండాలి. తిరగేసి బిగించి రోజంతా తలపట్టుకునేవాళ్లు ప్రతి ల్యాబ్‌లోనూ ఉంటారు. బయటి వైపు గాలిని రానిచ్చి నీటిని ఆపే టెఫ్లాన్ పొర.

ఆక్సిజన్ వాయువు, ద్రావణం, ఘన ఉత్ప్రేరకం మూడూ కలిసే గీత దగ్గరే కరెంటు పుడుతుంది. నాఫియాన్ ఎక్కువైతే రంధ్రాలు మూసుకుంటాయి. టెఫ్లాన్ తక్కువైతే ద్రావణం లోపలికి ఊరి గాలి దారిని ముంచేస్తుంది. మునిగిన ఎలక్ట్రోడ్ లక్షణం తేలిగ్గా తెలుస్తుంది: తక్కువ కరెంటు దగ్గర వోల్టేజి బాగానే ఉండి, కాస్త పెంచగానే జారిపోతుంది. బయటి పొర మీద తేమ బొట్లు కూడా కనిపిస్తాయి.

ద్రావణం 6 మోలార్ పొటాషియం హైడ్రాక్సైడ్. దొరికే గుళికల్లో అసలు పదార్థం 85 శాతమే, కనుక లీటరుకు 396 గ్రాములు కావాలి. అందులో జింక్ ఎసిటేట్ డైహైడ్రేట్ 44 గ్రాములు. గుళికలను చల్లటి నీళ్లలో కొంచెం కొంచెంగా వేయాలి. వేడి బాగా పుడుతుంది, చిందితే కంటికి ప్రమాదం. గాజు సీసాలో నిల్వ వద్దు, క్షారం గాజును తింటుంది. ప్లాస్టిక్ డబ్బానే మేలు.

అంకెలు చదివేటప్పుడు

ఉత్ప్రేరకం పూసి ద్రావణంలో తిప్పే రొటేటింగ్ డిస్క్ మీద చేసే పరీక్ష 0.1 మోలార్ ద్రావణంలో, శుద్ధ ఆక్సిజన్‌తో. డిశ్చార్జి వైపు సగం-తరంగ వోల్టేజికి (కరెంటు తన గరిష్ఠంలో సగానికి చేరే చోటు), ఛార్జి వైపు 10 మిల్లీ ఆంపియర్ల దగ్గరి వోల్టేజికి మధ్య తేడా 0.7 వోల్టు లోపుంటే మంచి పదార్థమంటారు. పరీక్షలో ఎదురు ఎలక్ట్రోడ్‌గా ప్లాటినం తీగ పెడితే అది కరిగి మన పదార్థం మీద పేరుకుని, లేని గొప్పతనం తెచ్చిపెడుతుంది. గ్రాఫైట్ కడ్డీ వాడాలి. నికెల్ పదార్థాలకైతే పొటాషియం హైడ్రాక్సైడ్ గుళికల్లోని ఇనుము మాలిన్యమే పనితనాన్ని పెంచేస్తుంది.

‘500 గంటలు నిలిచింది’ అనే మాటను మరీ జాగ్రత్తగా చూడాలి. చాలా పరీక్షల్లో చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీ ఆంపియర్ల దగ్గర పది నిమిషాలు డిశ్చార్జి, పది నిమిషాలు ఛార్జి. అంటే ఒక్కో విడతకు కదిలింది 1.67 మిల్లీ ఆంపియర్-అవర్లు. 0.3 మిల్లీమీటర్ల జింకు రేకులో చదరపు సెంటీమీటరుకు 176 ఉంటాయి. కదిలింది ఒక శాతం కూడా కాదు. రాత్రంతా వాడి పగలంతా నింపే బ్యాటరీలో జింకు సగానికి పైగా కరిగి మళ్లీ పూతపట్టాలి. అప్పుడు కొమ్మలుగా పెరిగి ఎలక్ట్రోడ్ల మధ్య తెర అయిన సెపరేటర్‌ను పొడవడం, ఆక్సైడ్ పొర కప్పేయడం బయటపడతాయి. ఏ నానో ఉత్ప్రేరకమూ వాటిని నయం చేయలేదు. గరిష్ఠ శక్తి అంకెదీ అదే తీరు. అది వచ్చేది వోల్టేజి బాగా పడిపోయిన చోట, అక్కడ సగానికి పైగా శక్తి వేడిగా పోతుంది.

మన గాలికి సరిపడేలా

మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు. 10 మిల్లీ ఆంపియర్లు, 1.2 వోల్టుల దగ్గర ఒక్క ఫ్యానుకే 6250 చదరపు సెంటీమీటర్ల గాలి ఎలక్ట్రోడ్ కావాలి, అంటే రెండున్నర అడుగులకు రెండున్నర అడుగుల పైచిలుకు పలక. ఉత్ప్రేరకం 50 మిల్లీ ఆంపియర్ల దగ్గర 1.1 వోల్టులు నిలపగలిగితే అది 1400 లోపుకు దిగుతుంది. నానో పదార్థం అసలు లాభం ఇక్కడే.

ఆ ఫ్యాను ఎనిమిది గంటలు తిరగడానికి కనీసం 545 లీటర్ల గాలి కావాలి. దానిలోని కార్బన్ డయాక్సైడ్ సుమారు ఒక గ్రాము పొటాషియం హైడ్రాక్సైడ్‌ను కార్బొనేట్ చేస్తుంది. నిజానికి అవసరానికి నాలుగింతల గాలి ఊదాలి కనుక రాత్రికి 4 గ్రాములు, నెలకు 120. లీటరు ద్రావణంలో ఉన్నదే 337. కార్బొనేట్ స్ఫటికాలు రంధ్రాల్లో పెరిగితే ఎలక్ట్రోడ్ ఊపిరాడక చస్తుంది.

రెండో శత్రువు పొడి గాలి. ఈ గాఢతకు గాలిలో తేమ 60-70 శాతం మధ్య ఉంటే ద్రావణం నీరు కోల్పోదు, తీసుకోదు. అనంతపురంలో ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో తేమ 30 చుట్టుపక్కలే. ద్రావణం చిక్కబడి జింకు త్వరగా పొరకడుతుంది. 40 డిగ్రీలు దాటితే జింకు దానంతటదే తినేసుకుంటూ హైడ్రోజన్ వదలడమూ పెరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్‌కు సున్నం గుళికల డబ్బా పెడతారు గానీ పూర్తిగా ఎండిన సున్నం దాన్ని సరిగ్గా పీల్చదు, కాస్త తడి ఉండాలి. కాబట్టి గాలిని ముందు కూలర్‌లాంటి తడి మెత్త గుండా, తర్వాత సున్నం గుండా పంపితే దుమ్ము ఆగుతుంది, వేడి తగ్గుతుంది, తేమ సరిపోతుంది, సున్నమూ పనిచేస్తుంది.

ఇక ఉత్ప్రేరకం ఎంపిక. ఒకే పూత రెండు పనులూ చేయాలన్న పట్టుదల కారుకో ఫోనుకో అవసరం, అక్కడ ప్రతి గ్రామూ లెక్కే. సబ్‌స్టేషన్ పక్కన కదలకుండా ఉండే బ్యాటరీకి ఆ నిబంధన దేనికి? నా లెక్కలో ఇక్కడికి మూడు ఎలక్ట్రోడ్ల ఏర్పాటే తగినది. మధ్యలో జింకు, ఒక పక్క మాంగనీస్ డయాక్సైడ్ లేదా ఇనుము-నత్రజని-కార్బన్ పూసిన గాలి ఎలక్ట్రోడ్, ఇంకో పక్క నికెల్-ఐరన్ పూసిన నికెల్ జాలీ. ఛార్జి చేసేటప్పుడు కరెంటు జాలీకే వెళ్తుంది కాబట్టి కార్బన్‌కు 2.0 వోల్టుల దెబ్బ తగలదు. డబ్బా పెద్దదవుతుంది, మార్పిడి స్విచ్ ఒకటి అదనం. జాలీ మీద పుట్టే ఆక్సిజన్ బుడగలు పైకి పోవడానికి ప్రతి సెల్‌కూ వెంట్ ఉండాలి, జాలీని జింకుకు మరీ దగ్గర పెడితే బుడగలు ఇరుక్కుని వోల్టేజి ఊగుతుంది. పగలంతా ఖాళీగా ద్రావణంలో నానే గాలి ఎలక్ట్రోడ్ మునగకుండా టెఫ్లాన్ వాటా కాస్త పెంచాలి. పెంచితే విద్యుత్ నిరోధానికీ కొంత వోల్టేజి పోతుంది. ఆ కొలత ఒక్కో పూతకు విడిగా తేల్చుకోవాల్సిందే.